ఇరవై అంకెల సంఖ్యతో పారి/జీపీ: ఒక సమీక్ష

18446744073709551615 అనే సంఖ్యను ఏదైనా స్ప్రెడ్‌షీట్ గడిలో టైపు చేసి చూడండి. సాధారణంగా పదిహేను అంకెల వరకే నిలబెట్టుకొని, ఆ పైన సున్నాలు నింపేస్తుంది. బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్టుకు మామూలు సంఖ్యగా ఇస్తే 18446744073709552000 అంటుంది. బరువులు తూచేవారికీ దూరాలు కొలిచేవారికీ ఈ తేడా లెక్కలోకే రాదు. అయితే మనం ఇచ్చింది బేసి సంఖ్య, తిరిగి వచ్చినవి రెండూ సరి సంఖ్యలు. ఒక పూర్ణసంఖ్యకు ఉండే అతి ప్రాథమికమైన ధర్మమే చేతులు మారేసరికి మాయమైతే, దాని కారణాంకాల గురించి గానీ భాజకాల గురించి గానీ ఆ సాధనాన్ని అడగడంలో అర్థం లేదు. అందుకే పెద్ద సంఖ్యల ధర్మాలను పరిశీలించాలనుకునే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నేను సూచించే ప్రోగ్రాము వేరే ఉంది. దాని పేరు పారి/జీపీ.

ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయంలో హెన్రీ కోహెన్, ఆయన సహచరులు 1980ల మధ్యలో దీన్ని మొదలుపెట్టారు. సంఖ్యాశాస్త్ర పరిశోధకుల అవసరాల కోసం పుట్టిన ఈ ప్రోగ్రాము నేటికీ అక్కడి నుంచే కొత్త సంచికలతో వెలువడుతోంది. పారి అనేది లోపల లెక్కలు చేసే ప్రోగ్రాముల లైబ్రరీ, జీపీ అనేది మనం కమాండ్లు కొట్టే తెర. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. విండోస్, లినక్స్, మ్యాక్‌లకు విడివిడిగా ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లకు పారీడ్రాయిడ్ అనే రూపం ఉంది, ఏదీ ఎక్కించుకోకుండా బ్రౌజర్‌లోనే నడిపి చూసే వీలు కూడా ఉంది. తెరిచాక కనిపించేది ఒక ప్రశ్నార్థకం, దాని పక్కన మినుకుమనే గీత, అంతే. మెనూలు, బొమ్మలు, బొత్తాములు ఏమీ ఉండవు. ఈ బోడితనం చూసి వెనక్కి తగ్గేవారు చాలామంది ఉంటారు, వారిని తప్పుపట్టలేం.

పరీక్షకు పై సంఖ్యనే ఎంచుకోవడానికి కారణం ఉంది. చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ అరవై నాలుగు గడులూ నింపితే పట్టే గింజల మొత్తం ఇదే, అంటే 2^64 − 1. తెలుగువారికి ఇది కొత్తగా పరిచయమైన సంఖ్య కాదు. పదకొండో శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన పేరున ప్రచారంలో ఉన్న ఒక చంపకమాల సరిగ్గా ఈ ఇరవై అంకెలనూ భూతసంఖ్యలలో చెబుతుంది. శర అంటే 5, శశి అంటే 1, షట్కం 6, చంద్రుడు 1, మళ్లీ శరం 5, సాయకం 5, రంధ్రం 9, ఆకాశం 0 అని ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తూ, చివర కుంజరాలు 8, తుహినాంశుడు 1 అని ముగుస్తుంది. జీపీలో 2^64-1 అని కొట్టి ఎంటర్ నొక్కి, వచ్చిన జవాబును కుడి నుంచి ఎడమకు పద్యంతో సరిపోల్చుకుంటూ పోతే ఒక్క అంకె కూడా తేడా రాదు. కంప్యూటర్లు సంఖ్యలను 64 బిట్ల పెట్టెల్లో దాచే ఈ కాలంలో, రుణ గుర్తుకు చోటు లేని పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య కూడా ఇదే కావడం వల్ల, దానికి ఒకటి కలిపితే చాలా భాషల్లో సున్నా వచ్చి కూర్చుంటుంది. జీపీలో అలా జరగదు, 18446744073709551616 అని తిన్నగా చూపిస్తుంది. జ్ఞాపకశక్తి సరిపోయినంత వరకు అంకెల సంఖ్యకు దానిలో హద్దు లేదు.

చిన్న ప్రశ్నలతో మొదలుపెడదాం. అంకెల మొత్తం అడిగితే 87 అంటుంది. 87ను 3 భాగిస్తుంది, 9 భాగించదు కాబట్టి మన సంఖ్య కూడా 3తో భాగింపబడుతుంది, 9తో భాగింపబడదు. అంకెలను విడదీసి జాబితాగా ఇమ్మంటే ఇరవై అంకెలూ వరుసగా పరుస్తుంది. ఆ జాబితాలో రెండు అనే అంకె ఒక్కసారి కూడా లేదు. అరవై నాలుగు రెండ్లను గుణించి ఒకటి తీసేసిన సంఖ్యలో రెండు కనిపించకపోవడానికి గణితపరమైన ప్రాముఖ్యం ఏమీ లేదు గానీ, పిల్లలకు చూపిస్తే ఆ సంఖ్య వారికి ఇక మరపురాదు.

అసలు పరీక్ష కారణాంకాల దగ్గర ఉంటుంది. ఫ్యాక్టర్ అనే కమాండ్ రాసి, బ్రాకెట్లలో 2^64-1 పెట్టి ఎంటర్ నొక్కితే, చెయ్యి తీసేలోపు రెండు నిలువు వరుసల పట్టిక వస్తుంది. ఎడమ వరుసలో 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యలు, కుడి వరుసలో వాటి ఘాతాలు. ఘాతాలన్నీ ఒకట్లే, అంటే ఏ ప్రధాన సంఖ్యా రెండోసారి రాలేదు. ఈ పట్టికను చదవడం నేర్చుకుంటే మిగతా ధర్మాలు సగం చేతికి వచ్చినట్టే. ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాల్లో ప్రతిదాన్నీ తీసుకోవడమా మానడమా అన్నది మన ఇష్టం కనుక భాజకాలు 2^7, అంటే 128 ఉండాలి. నమ్‌డివ్ అనే కమాండ్ ఇచ్చేదీ అదే. సిగ్మా అనే కమాండ్‌తో భాజకాల మొత్తం తీసుకుని మన సంఖ్యతో భాగిస్తే సుమారు 1.703 వస్తుంది. రెండుకు తగ్గింది కాబట్టి ఇది న్యూన సంఖ్య, అంటే తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కలిపినా తన విలువకు చాలవు. భాగహారం దగ్గర జీపీకి ఉన్న ఒక పద్ధతిని ఇక్కడ చెప్పాలి. రెండు పూర్ణసంఖ్యలను భాగించమంటే అది దశాంశాల జోలికి వెళ్లదు, భిన్నాన్ని సూక్ష్మీకరించి భిన్నంగానే ఉంచుతుంది. దశాంశ రూపం కావాలంటే ఒక సంఖ్య చివర చుక్క పెట్టి అడగాలి. మొదట్లో చిరాకు పెట్టే ఈ అలవాటే, సంఖ్యల ధర్మాలను పరిశీలించేవారికి ఈ ప్రోగ్రాము చేసే అతి పెద్ద ఉపకారం.

ఆ ఏడు సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో జీపీ చెప్పదు. అది హైస్కూలు బీజగణితంతో తేలే విషయం. రెండు వర్గాల భేదాన్ని విడదీసే సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే 2^64 − 1 అనేది (2 + 1), (2^2 + 1), (2^4 + 1), (2^8 + 1), (2^16 + 1), (2^32 + 1)ల లబ్ధమవుతుంది. ఇవి వరుసగా 3, 5, 17, 257, 65537, 4294967297. వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా ఊహించాడు. మొదటి ఐదింటి వరకు ఆ ఊహ నిజమే. ఆరోదైన 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. మన పట్టికలో 641, 6700417 కలిసి చేరింది ఆ ఆరో సంఖ్య విరిగినందువల్లనే. ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే ఒకటి శేషంగా మిగలాలని ఆయిలర్ గ్రహించడం వల్ల అతను పరీక్షించవలసినవి 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో ప్రయత్నంలోనే పని ముగిసే లెక్క అది.

ఈ భాగాన్ని జీపీతో కలిపి చదివితే వచ్చే ఆనందం వేరు. మాడ్ అనే కమాండ్‌తో 2ను 641 శేషాల లోకంలో పెట్టి 32వ ఘాతానికి ఎత్తమంటే, మాడ్ బ్రాకెట్లలో 640, 641 అని జవాబు వస్తుంది. అంటే 2^32ను 641తో భాగిస్తే 640 మిగులుతుంది, ఒకటి కలిపితే శేషం లేదు. ఎందుకు అన్నది కాగితం మీద చూడవచ్చు. 640 అంటే 5 × 2^7 కాబట్టి, 641తో భాగించినప్పుడు ఆ లబ్ధం −1తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5^4 × 2^28 అనేది 1తో సమానం అవుతుంది. మరోవైపు 641 అనేది 625, 16ల మొత్తం, అంటే 5^4 + 2^4 కూడా. కాబట్టి 5^4 బదులు −2^4 పెట్టవచ్చు, అప్పుడు −2^32 అనేది 1తో సమానమని తేలుతుంది. మూడు పంక్తుల్లో ముగిసిన ఈ వాదన ముందు యంత్రం జవాబు వట్టి ధ్రువీకరణగా మిగులుతుంది. పారి/జీపీ గురించి నా ప్రధానమైన అభిప్రాయం కూడా ఇదే: ఏమిటి అన్న ప్రశ్నకు దానంత నమ్మకంగా బదులు చెప్పే ఉచిత సాధనం నాకు తెలిసి లేదు, ఎందుకు అన్న ప్రశ్న దాని పరిధిలోనిది కాదు. మెట్లు మెట్లుగా సాధన చూపించే ఆప్ కావాలనుకునేవారు దీన్ని కొనవలసిన పని లేకపోయినా తెచ్చుకోవలసిన పని కూడా లేదు.

ఆయిలర్‌ఫై అనే కమాండ్ మన సంఖ్య కంటే చిన్నవై, దానితో ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్నో చెబుతుంది. జవాబు 9208981628670443520, సంఖ్యలో సగానికి రవ్వంత తక్కువ. ఈ జవాబును మళ్లీ ఫ్యాక్టర్‌కు అప్పగిస్తే 2^45, 3, 5, 17449 అని విడగొడుతుంది. దీనికి రేఖాగణితంలో ఉపయోగం ఉంది. స్కేలు, వృత్తలేఖినిలతో మాత్రమే ఒక క్రమ బహుభుజిని గీయగలమా లేదా అన్నది దాని భుజాల సంఖ్యకు కట్టిన ఈ ఫై విలువ 2 యొక్క ఘాతమా కాదా అన్న దాని మీద ఆధారపడుతుంది. 1796లో పదిహేడు భుజాల బహుభుజితో గౌస్ తెరిచిన ఈ దారిని 1837లో వాంట్సెల్ పూర్తి చేశాడు. మన సంఖ్య ఫై విలువలో 3, 5, 17449 చేరాయి కాబట్టి అన్ని భుజాలున్న బహుభుజిని ఆ పరికరాలతో గీయలేం. అదే 2^32 − 1, అంటే 4294967295కు అడిగితే ఫై విలువ 2147483648 వస్తుంది, అది సరిగ్గా 2^31. అన్ని భుజాల బహుభుజిని సిద్ధాంతరీత్యా గీయవచ్చు. భుజాల సంఖ్య బేసి అయి, గీయడానికి వీలున్నవాటిలో ఇంతవరకు తెలిసిన అతి పెద్దది అదే. గీసే కాగితం సంగతి వేరే మాట.

సంఖ్య ఇరుగుపొరుగును చూడటానికి కూడా జీపీ బాగా పనికొస్తుంది. ప్రెక్‌ప్రైమ్ అనే కమాండ్‌కు 2^64 ఇస్తే దాని కిందనున్న ప్రధాన సంఖ్య 18446744073709551557 అని, నెక్స్ట్‌ప్రైమ్ ఇస్తే పైనున్నది 18446744073709551629 అని చెబుతుంది. రెంటి మధ్య ఉన్న డెబ్బై ఒక్క సంఖ్యల్లో ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు, మల్లన సంఖ్య ఆ ఎడారిలోనే ఉంది. దానికి రెండు కలిపితే తరవాతి ఫెర్మా సంఖ్య 18446744073709551617 వస్తుంది. దీన్ని 274177, 67280421310721ల లబ్ధంగా 1880లో విడదీసిన లాండ్రీకి అప్పటికి ఎనభై ఏళ్లు దాటాయి. జీపీకి ఈ పని కూడా కనురెప్పపాటే. 1903లో అమెరికాలో కోల్ అనే గణితవేత్త 147573952589676412927ను, అంటే 2^67 − 1ను, 193707721, 761838257287లుగా విడదీసి చూపించడం ఆనాడు గొప్ప వార్త. అది ప్రధాన సంఖ్య కాదని 1876లోనే లూకా నిరూపించినా కారణాంకాలు మాత్రం అప్పటికి ఎవరికీ దొరకలేదు. ఒక సంఖ్య సంయుక్తమని తెలుసుకోవడం, దాన్ని విడగొట్టడం రెండు వేర్వేరు పనులన్న సంగతి తరగతిలో చెబితే పిల్లలు సులభంగా నమ్మరు. వందకు పైగా అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యలను జీపీతోనే తయారు చేయించి, వాటి లబ్ధాన్ని ప్రధాన సంఖ్యేనా అని అడగండి, తక్షణమే కాదంటుంది. అదే లబ్ధాన్ని విడగొట్టమని అడిగితే తరవాతి కమాండ్ కోసం ఎదురుచూసే ఆ ప్రశ్నార్థకం మళ్లీ కనిపించదు. ఈ ప్రయోగం చేసేటప్పుడు కంట్రోల్, సీ కలిపి నొక్కితే లెక్క ఆగుతుందని ముందే చెప్పి ఉంచడం మంచిది.

ప్రధాన సంఖ్యేనా అని అడగడానికి ఇందులో రెండు కమాండ్లు ఉన్నాయి, వాటి తేడా తెలియకపోతే చిక్కు. ఇస్‌ప్రైమ్ నిరూపణతో కూడిన జవాబు ఇస్తుంది. ఇస్‌సూడోప్రైమ్ వేగంగా పరీక్షించి, కాదంటే కచ్చితంగా కాదు, అవునంటే అయి ఉండవచ్చు అనే స్థాయి జవాబు ఇస్తుంది. ఆ వేగపు పరీక్ష పొరబడిన సంఖ్య ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు. 2^64కు లోపున్న సంఖ్యల విషయంలో అది పొరబడదని లెక్కించి నిర్ధారించారు కూడా. కాబట్టి మల్లన సంఖ్య వరకు ఏ కమాండ్ వాడినా ఒకటే. ఆ గీత దాటాక, పరీక్షా పత్రంలోనో వ్యాసంలోనో రాయబోయే జవాబు అయితే ఇస్‌ప్రైమ్‌నే వాడాలి.

ఇక లోపాలు. సహాయ సమాచారం, దోష సందేశాలు ఇంగ్లీషులో ఉంటాయి, అందులోనూ ఆ భాష పరిశోధకుల భాష. ప్రశ్నార్థకం పెట్టి కమాండ్ పేరు కొడితే క్లుప్తమైన వివరణ వస్తుంది గానీ, పదో తరగతి విద్యార్థికి అందులో సగం అర్థం కాదు. కారణాంకాలు, శేషాలు తెలుగులో చదువుకున్న పిల్లలకు పది పన్నెండు కమాండ్ల పేర్లూ అర్థాలూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టక తప్పదు. సంఖ్యలోని అంకెల మధ్య కామాలు పెట్టకూడదు. మన పద్ధతిలో 1,84,46,74,40,73,70,95,51,615 అని రాసి బ్రాకెట్లలో పెడితే, ఒక సంఖ్య బదులు పది వేర్వేరు విలువలు ఇచ్చినట్టు భావిస్తుంది. జవాబుల్లోనూ కామాలు ఉండవు కాబట్టి లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు దాటిందా లేదా అన్నది అంకెలు లెక్కపెట్టుకొని తెలుసుకోవాలి. భారీ లెక్కల్లో స్టాక్ పొంగిపోయిందని సందేశం వస్తే అనుభవం లేనివారు ప్రోగ్రాము చెడిపోయిందనుకుంటారు. అది మొదట కేటాయించుకునే జ్ఞాపకశక్తి కొద్దిపాటిదే, పారిసైజ్‌మ్యాక్స్ అనే విలువను పెంచితే లెక్క సాగుతుంది.

ఫోన్ రూపం గురించి రెండు మాటలు. లెక్కల శక్తిలో తేడా తెలియదు, ఇరవై అంకెల సంఖ్యను అది కూడా వెంటనే విడగొడుతుంది. కానీ ఘాతపు గుర్తు, బ్రాకెట్లు ఫోన్ కీబోర్డులో గుర్తుల పేజీలో ఉండటం వల్ల ప్రతి కమాండ్‌కూ పేజీలు మార్చుకుంటూ టైపు చేయాలి. తరగతి గదిలో తెర మీద చూపించడానికి ల్యాప్‌టాప్ మీది విండోస్ రూపమో, ఇంటర్నెట్ ఉంటే బ్రౌజర్ రూపమో మేలు.

ధర లేని వస్తువుకు ధరకు తగ్గ విలువ ఉందా అని అడగడం కుదరదు గానీ, సమయానికి తగ్గ విలువ ఉందా అని అడగవచ్చు. తొమ్మిది, పది తరగతుల్లో వాస్తవ సంఖ్యల పాఠం చెప్పే ఉపాధ్యాయులకు, ఇంటర్, డిగ్రీ గణిత విద్యార్థులకు, సంఖ్యల మీద సరదా ఉన్న ఎవరికైనా ఒక సాయంత్రం వెచ్చిస్తే సరిపోయేంత విలువ తప్పకుండా ఉంది. ఐదుకు నాలుగు ఇస్తాను, పోయిన ఒకటీ ఆ సహాయ సమాచారం వల్ల. వంద అంకెలు దాటిన సంఖ్యల కారణాంకాలే ప్రధానమైన పని అయినవారు మాత్రం దీనితో ఆగకుండా, 2020లో ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికి వాడిన కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రామును చూడాలి. అదీ ఉచితమే, కానీ దానికి లినక్స్ తెలిసి ఉండాలి, కంప్యూటర్‌ను రోజుల తరబడి వదిలిపెట్టే ఓపికా ఉండాలి.